ముఖత్యారునామాలోని మాటలు



ఒకడు తాను చేయవలసిన పనిని తన పేరిట మఱియొకడు చేయుటకై వ్రాసి యిచ్చు పత్రమును మన ప్రాంతమున ముఖత్యారునామా యందురు. నేటి యువకులు జి.పి.ఏ. యనుచున్నారు. కోర్టువారు పవర్ ఆఫ్ అటార్నీ యందురు. గల్ఫు దేశములనుండి వచ్చు కాగితములందు దీని పేరు వకాలా. పేర్లు వేఱైనను వస్తువొక్కటియే. నేను చట్టమును బోధింప బూనలేదు. అది న్యాయవాదుల పని. నాకు తెలిసినది భాష. ఒక భాషలో పుట్టిన పత్రము రెండవ భాషలోనికి, అటనుండి మూడవ భాషలోనికి మాఱునపుడు మాటల గతి యేమగునో, ఆ మాటల వెంట మనుష్యుల పొలములును సొమ్మును ఎట్లు కదలునో, అంతమాత్రమే చెప్పదలచినాను.

ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీని పెక్కు జిల్లాలుగా విడివడినవి. జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు అని నేడు వేర్వేఱు పేర్లతో పిలిచినను, గల్ఫునకు పోయిన బిడ్డ లేని ఊరు వీనియందు అరుదు. వాని భూమి యిచ్చట, వాని చేవ్రాలు అచ్చట. చెల్లెలి పెండ్లికి రెండెకరములు అమ్మవలసివచ్చును. బ్యాంకు అప్పునకు ఇల్లు కుదువ పెట్టవలసివచ్చును. అపుడు దుబాయినుండియో, కువైటునుండియో ఒక కాగితము వచ్చును. ఇక వాడు అచ్చట మరణించెనేని, వానికి రావలసిన జీతమును పరిహారమును వసూలు చేయుటకు ఈ దిక్కునుండి ఆ దిక్కునకు ఒక కాగితము పోవలయును. ఆ కాగితములందు అరబ్బీ యొకటి, ఇంగ్లీషు ఒకటి, చదివి చెప్పుకొను తెలుగు ఒకటి. మూడును ఒకే అర్థమునిచ్చిన చాలును. ఇయ్యకున్న నష్టమెవరిదో చెప్పనక్కఱలేదు.

ఇందొక విచిత్రము గలదు. ఇంగ్లీషు చదివిన మనుమనికి తెలియని గల్ఫు మాట, పెట్టెలో నిజాము కాలపు కాగితములు దాచుకొన్న తాతకు తెలియును. హైదరాబాదు రాజ్యమున మొదట ఫారసీయు, 1884 ప్రాంతమునుండి ఉర్దూయు కచ్చేరీల భాషలుగా నుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు 1917లో ఫర్మాను వెలువడి, 1918లో నది స్థాపితమైనపుడు, దానికొక తర్జుమా శాఖ యేర్పడి, న్యాయశాస్త్ర గ్రంథములను సైతము ఉర్దూలోనికి తెచ్చెను. కావున మన భూముల మాటలన్నియు ఆ దారినే వచ్చినవి: బైనామా, రెహన్‌నామా, హిబా, వసీయత్, జమానత్, విరాసత్, ఫౌతి. మా తండ్రిగారు ఉర్దూ మాధ్యమమున చదివినవారగుటచే నేను సంస్కృత వ్యాకరణముతోపాటు ఆ లిపిని కూడ ఇంటనే నేర్చితిని. ఈ మాటలలో అధికభాగము అరబ్బీనుండి ఫారసీలోనికి, ఫారసీనుండి ఉర్దూలోనికి, ఉర్దూనుండి మన నోటికి దిగినవి. నేడవే మాటలు విమానమెక్కి దుబాయినుండి నేరుగ మన యిండ్లకు వచ్చుచున్నవి. అయితే నూఱేండ్లు వేఱింట పెరిగిన బంధువువలె, ముఖము పోలినను గుణము మాఱి వచ్చుచున్నవి. చిక్కంతయు నిచ్చటనే.

వకీలు అను మాటను జూడుడు. మనకు వకీలనగా నల్లకోటు తొడిగిన న్యాయవాది. అరబ్బీలో వకీలనగా పని యప్పగింపబడినవాడు, ఎవడైనను సరే. అరబ్బీ వకాలాలో భార్యను వకీలుగా వ్రాసినచో, ఆమె న్యాయశాస్త్రము చదివినదని గాదు, భర్త ఆమెను నమ్మి పని యప్పగించినాడని యర్థము. అప్పగించినవాడు మువక్కిల్. ఉర్దూ కచ్చేరీలో మువక్కిలనగా వకీలునొద్దకు వచ్చిన కక్షిదారు. ఈ భేదమెఱుగక, వకీలు పేరున్నదిగావున ఇది కోర్టు కేసు కాగితమని యొక యింటివారు భయపడి మూడు వారములు దాచియుంచిన సంగతి నేనెఱుగుదును. ఇంగ్లీషులోను ఇదే తగులాట. అటార్నీ యనగా పాత ఫ్రెంచి భాషలో నియమింపబడినవాడని మాత్రమే యర్థము. అమెరికావారు ఆ మాటను న్యాయవాదికి రూఢి చేసికొన్నారు. పవర్ ఆఫ్ అటార్నీ యనగా వకీలు యొక్క పవరని మన పిల్లలు అనుకొనుట అందువలననే.

ముఖ్తార్ అను మాట మఱింత వింత. ఎన్నుకొనబడినవాడు, ఎన్నుకొను స్వేచ్ఛ గలవాడు అని ధాత్వర్థము. ఇఖ్తియార్ అను మాట కూడ ఆ ధాతువునుండియే పుట్టినది. మనము దానికి ముఖత్యారని తెలుగు వేషము వేసితిమి. కాని లెబనాను, సిరియా, ఇరాకు దేశములలో ముఖ్తారనగా గ్రామపెద్ద, మన వెనుకటి పటేలువంటివాడు. కావున మనవారు ఉర్దూ తెలిసిన ధైర్యముతో ముఖ్తార్‌నామా యని శీర్షిక పెట్టి పంపినచో, అచ్చటి గుమస్తా అది గ్రామపెద్ద యిచ్చిన పత్రమనుకొనిన ననుకొనవచ్చును. ఆ దిక్కునకు పంపునపుడు వకాలా యనుటయే యుక్తము.

దుబాయి పత్రముల యడుగున ముద్ర వేయు అధికారిని కాతిబ్ అల్ అదల్ అందురు. అక్షరార్థము న్యాయ లేఖకుడు. మన కాతిబు రిజిస్ట్రారు కచ్చేరీ యెదుట చెట్టుక్రింద కూర్చుండి దస్తావేజులు వ్రాయువాడు. ఈ పోలికను బట్టి ఎవరో వ్రాతగాడు వ్రాసిన కాగితమని దానిని తేలిక చేయరాదు. అతడు రాజ్యముచే నియమింపబడిన అధికారి. మన నోటరీకి సమానుడు, ఒకింత మించినవాడు కూడను.

ఆదిలాబాదు సరిహద్దున మఱియొక భాష వచ్చి కలియును. నాందేడు, యవత్మాళు, చంద్రపురము దిక్కున భూములున్నవారికి మరాఠీ పత్రములు వచ్చుచుండును. వానిలో కుల్‌ముఖత్యార్‌పత్ర మని యుండును. దానిని మనవారు కులముఖత్యార పత్రమని చదివి, కులపెద్దలు కూడి యిచ్చిన తీర్మానమో యేమో యని తలపోసెదరు. అచ్చట కుల్ అనునది సంస్కృత కులము గాదు. అరబ్బీ కుల్ల్, సర్వమని యర్థము. సర్వాధికార పత్రమన్న మాట. ఒక్క పొల్లు తప్పిన అరబ్బీ పదము సంస్కృతమైపోవును.

ఇక కబ్జా. ఈ మాటకు మూడు జన్మములున్నవి. అరబ్బీలో ఖబ్జ్ అనగా చేతబట్టుట, స్వీకరించుట. గల్ఫు వకాలాలో సొమ్మును ఖబ్జ్ చేయుటకు అధికారమిచ్చినానని యుండిన, నా పేర రావలసిన సొమ్మును పుచ్చుకొనుటకు అధికారమిచ్చినానని మాత్రమే. నిజాము కాలపు దస్తావేజులో కబ్జా యనగా స్వాధీనము. అది ధర్మముగ వచ్చిన స్వాధీనమే. బైనామాలో కబ్జా యిచ్చినానని వ్రాయుట విక్రేత ధర్మము. నేటి పత్రికలలో కబ్జా యనగా పరుల భూమిని దౌర్జన్యముగ నాక్రమించుట. తాతనాటి కాగితమున ఫలానావాని కబ్జాలో నున్నదని చూచి, మీ తాత మా భూమిని ఆక్రమించినాడనుటకు ఇదే సాక్ష్యమని యొకడు తగవునకు వచ్చినాడు. ఆ మాటయే వాని తగవునకు గొడ్డలిపెట్టని పంచాయతీలో వానికి చెప్పుటకు ఒక మధ్యాహ్నము పట్టినది.

ఇట్టి మాటలను పూర్వులు గమనింపకపోలేదు. బ్రౌను దొర 1852లో జిల్లా నిఘంటువని యొకటియు, 1854లో మిశ్రభాషా నిఘంటువని యొకటియు అచ్చు వేయించెను. కచ్చేరీలలో తెలుగుతో కలిసి వాడబడు పరభాషాపదముల కొఱకే ఆ శ్రమ. అంతకు ఆఱువందల యేండ్లకు ముందే, పదమూడవ శతాబ్దమున, కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెనుగు పద్యములలోనికి దించి విజ్ఞానేశ్వరీయమని పేరు పెట్టెను. ధర్మశాస్త్రమును తెలుగులో చెప్పవచ్చునని చూపిన కవి యతడు. ప్రతినిధి యను భావము మనకు క్రొత్త గాదు. తండ్రియు కొడుకును సోదరుడును నియుక్తుడును గాని వాడు పరుని పక్షమున వాదించినచో దండ్యుడని నారదస్మృతి విధించినది. నియుక్తుడు అను నా మాట నాకు మిక్కిలి యిష్టము. అధికారపత్రము అను నేటి అనువాదము కంటె నియోగపత్రము అర్థమునకు దగ్గఱ. కాని జనము నోట నిలిచినది ముఖత్యారునామా. దానిని పెరికి వేయుట వ్యర్థము. తెలిసి వాడుకొనుట మేలు.

ఇంతవఱకు చెప్పినవి చిన్న చిక్కులు. ఇపుడు చెప్పబోవునది అట్లు గాదు.

జగిత్యాల దిక్కున ఒక పల్లెలో ఒక యువతి భర్త గల్ఫులో పనిచేయుచు మరణించెను. ఆరునెలల పిమ్మట ఒక కాగితము వచ్చెను. ఒక ప్రక్క అరబ్బీ, ఒక ప్రక్క ఇంగ్లీషు. అతడు పనిచేసిన సంస్థ పంపినది. దానిపై ఆమెయు, అత్తమామలును సంతకము పెట్టి, ధ్రువీకరణము చేయించి పంపవలెను. ఆమె మఱది దానిని నా యొద్దకు తెచ్చినాడు; ఆమెయు వెంట వచ్చినది. ఇంగ్లీషు వ్రాతలో నియుక్తునికి సొమ్మును పుచ్చుకొను అధికారమును, దాని వెంట రిలీజు, డిశ్చార్జి చేయు అధికారమును వ్రాయబడియున్నవి. పట్టణమున కంప్యూటరు దుకాణమువాడు దానిని వారికి తెలుగున చెప్పియుండెను. ఆమె అన్నది: “పైసలు రిలీజు చేపిచ్చెటందుకే అన్నరు గద పంతులూ?”

మన నోట రిలీజు అనగా నిలిచియున్న డబ్బు విడుదల యగుట. బిల్లు రిలీజైనదందుము, సినిమా రిలీజైనదందుము. న్యాయ భాషలో రిలీజు అనగా హక్కును వదలుకొనుట. అవతలివానిని బాధ్యతనుండి విడిపించుట. విడుదల యగునది సొమ్ము గాదు, బాకీదారు. నేను అరబ్బీ ప్రక్కను చదివితిని. అచ్చట ఇబ్రా అను మాట యున్నది. ఉర్దూ ఎఱిగినవారికి బరీ యను మాట తెలియును; నేరస్థుడు బరీ యైనాడందుము. ఇబ్రా యనగా బరీ చేయుట. ఇక నాకేమియు రావలసినది లేదని యొప్పుకొని, బాకీదారుని బరీ చేయుటకు, నియుక్తునకు ఆమె అధికారమిచ్చుచున్నదన్నమాట. ఆ నియుక్తుడెవడనగా ఆ సంస్థలోని ఉద్యోగియే.

ఇందు మోసమున్నదని నేననజాలను. ఇఖ్రార్, ఇన్‌కార్, సుల్హ్, ఇబ్రా, అనగా ఒప్పుకొనుట, కాదనుట, రాజీ పడుట, బరీ చేయుట అను నాలుగును అరబ్బీ వకాలాలలో వాడుకగ వరుసకట్టి వచ్చు మాటలు. మన పెండ్లిపత్రికలో శుభాశీస్సులు వచ్చినట్లు వచ్చును. కాని వాడుకగ వచ్చినదైనను చేవ్రాలు పడిన పిమ్మట దానికి బలముండును. మేము ఆ కాగితమును పంపలేదు. న్యాయవాది సలహాతో వేఱొక పత్రము వ్రాయించి, సొమ్మును స్వీకరించుటకు, రశీదిచ్చుటకు మాత్రమే అధికారమిచ్చి, రాజీ పడుటకుగాని హక్కు వదలుకొనుటకుగాని అధికారము లేదని స్పష్టముగ చేర్చి, సంస్థ యుద్యోగిని గాక ఆ నగరముననే యున్న ఆమె మేనమామ కుమారుని నియుక్తునిగ పెట్టితిమి. సొమ్ము వచ్చుటకు పదునాలుగు నెలలు పట్టినది. వచ్చినది.

కనుక అనువాదకుడు ఎవరైనను, రిలీజు అను మాట తెలుగులో విడుదల యని ఊరకుండరాదు. ఎవరిని, దేనినుండి విడుదల చేయుచున్నాడో చెప్పవలెను. డిస్పోజు అను మాట కూడ ఇట్టిదే. దానిని పరిష్కరించుట యని కొందఱు, వినియోగించుట యని కొందఱు తెలిగించుచున్నారు. భూమి విషయమున దాని యర్థము అమ్ముటయో, దానమిచ్చుటయో, ఏదో యొక రీతిని పరాధీనము చేయుట. దీనికి సరియగు అరబ్బీ మాట తసర్రుఫ్. అదియే మాట ఉర్దూలో వాడుకొనుట, ఖర్చు చేయుట అను నర్థముననే గాక, సొమ్ము మ్రింగివేయుట అను నర్థమున కూడ వచ్చును. దుబాయి కాగితమున తన తమ్ముడు తసర్రుఫ్ చేయవచ్చునని అన్న వ్రాయగా, తమ్ముడు సొమ్ము కాజేసినాడని అన్న యారోపించినాడేమో యని ఉర్దూ తెలిసిన పెద్దమనిషి యొకడు బెదరినాడు.

ఆమ్ ముఖ్తార్, ఖాస్ ముఖ్తార్ అను భేదము మీకు తెలియును. జనరల్, స్పెషల్ అని నేడందురు. జనరల్ అనగా సర్వమును చేయవచ్చునని జనుల నమ్మకము. ఇది పలు దేశములందు నిజము గాదు. ఈజిప్టు పౌరస్మృతిలోని 702వ ప్రకరణము అమ్మకము, తాకట్టు, దానము, రాజీ మొదలగు పనులకు వాని పేరు పెట్టి అధికారమియ్యవలెనని విధించుచున్నది. స్పెయిను దేశపు పౌరస్మృతిలోని 1713వ ప్రకరణము, సామాన్యముగ నిచ్చిన నియోగము ఆస్తిని చూచుకొనుటకే చెల్లుననియు, అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు, రాజీపడుటకు స్పష్టమైన నియోగము కావలెననియు చెప్పుచున్నది. మన న్యాయస్థానములును ముఖత్యారునామాను వ్రాసిన మాటలకు లోబడియే యర్థము చేయును, వ్రాయనిదానిని ఊహింపదు. భూమి వ్యవహారములను నిర్వహించుటకు అని మాత్రము వ్రాసియుండిన, పొలము కౌలుకిచ్చుటకు చాలునుగాని అమ్ముటకు చాలదు. అమ్మవలసియున్న అమ్ముటకని, ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణము, పైకము పుచ్చుకొనవచ్చునా లేదా, అన్నియు వ్రాయవలెను.

స్పెయిను మాట వచ్చినది గనుక ఒక చిన్న ప్రక్కదారి. నా శిష్యుడొకడు ఆ దేశమున ఉద్యోగి. అచ్చటి నోటరీ యొద్ద చేయించిన ముఖత్యారునామా యొకటి వాడు నాకు చూపి, దానికి తెచ్చిన ఇంగ్లీషు అనువాదమును మన కచ్చేరీవారు శంకించిరని చెప్పెను. ఆ భాషలో ఈ పత్రము పేరు పొదేర్. చేయగలుగుట, శక్తి అని యర్థము. ఒకే మాట క్రియయు నామమును. నియుక్తుడు అపొదెరాదో. ఇంతవఱకు సులభమే. చిక్కు కోపియా అను మాటతో వచ్చినది. ఆ దేశమున నోటరీ న్యాయశాస్త్రమున ఆఱితేఱిన రాజ్యాధికారి; అసలు పత్రమును తన గ్రంథములలోనే భద్రపఱచుకొని, తన చేవ్రాలు, ముద్ర గల ప్రతిని మాత్రమే కక్షిదారునకిచ్చును. ఆ ప్రతికి అచ్చట అసలుకున్న బలమే యున్నది. అనువాదకుడు దానిని కాపీ యని వ్రాయగా, మన గుమస్తా జిరాక్సు నకలు మాకు వద్దు, అసలు తెమ్మనినాడు. నోటరీ ధ్రువీకరించి యిచ్చిన అధికారిక ప్రతి యని వ్రాసియుండిన ఆ గోల యుండకపోవును. ఇదే మాటకు తారుమారుగ అమెరికాలో నొక యనర్థము గలదు. అచ్చట నోటరీ కేవలము సంతకమునకు సాక్షి. స్పానిషు మాటలాడు వలసదారులు నోతారియో యను పేరు చూచి, తమ దేశపు గొప్ప న్యాయాధికారి యనుకొని, వానికి సొమ్మిచ్చి మోసపోవుచున్నారు.

స్పానిషు భాషలో వీలునామాను అమలుపఱచువానిని అల్‌బాసేఆ యందురు. ఇది అరబ్బీ వసీయ్య నుండి పుట్టినది. మన వసీయత్‌నామా కూడ దానినుండియే. అట్లే వారి పురపాలకుడగు అల్కాల్దే మన ఖాజీకి సోదరుడు. అరబ్బులు పడమట స్పెయినువఱకు పోయి వదలిన మాటలును, తూర్పున ఫారసీ ద్వారమున గోదావరివఱకు వచ్చిన మాటలును ఒకే తల్లి బిడ్డలని తెలిసినపుడు, వ్యాకరణము చదివినవానికి కలుగు సంతోషము వేఱు. సరే, ప్రక్కదారి చాలును.

బంధువాచకముల విషయమున ఇంగ్లీషు మన శత్రువు. తండ్రి తమ్ముని మనము కాక యనియో చిన్నాయన యనియో అందుము. తల్లి సోదరుని మేనమామ యందుము. అరబ్బీలోను ఆ భేదమున్నది: పినతండ్రి అమ్మ్, మేనమామ ఖాల్. తెలుగును అరబ్బీయు ఇట్లు స్పష్టముగ నుండగా, నడుమ ఇంగ్లీషు వచ్చి ఇద్దఱిని అంకుల్ చేసివేయును. పెదనాన్న కొడుకును మనము అన్న యందుము. దుబాయిలో నున్నవాడు బ్రదర్ అని వ్రాయించును. ఇచ్చట ఆధార్ కార్డులలో తండ్రుల పేర్లు వేఱుగ నుండును. రక్తసంబంధీకునకిచ్చిన ముఖత్యారునామాకు స్టాంపు సుంకము ఒక తీరు, పరులకిచ్చినచో వేఱొక తీరు. అందుచేత బ్రదర్ అను నొక్క మాటపై కాగితము వెనుకకు పోయిన సందర్భములున్నవి. తండ్రి యన్న కుమారుడని వ్రాసిన ఏ భాషలోను తప్పు పట్టరు.

పేర్ల గతి ఇంకను దీనము. అరబ్బీ లిపిలో ప లేదు, చ లేదు, దీర్ఘమైన ఓ కూడ లేదు. మన పోచయ్య అచ్చటి కాగితమున బూశయ్య యగును. దానినుండి ఇంగ్లీషునకు వచ్చి, ఇంగ్లీషునుండి తెలుగునకు వచ్చునప్పటికి బూషయ్య. పెద్దపల్లి బెద్దబల్లి. గంగారాము గతి చెప్పనక్కఱలేదు. గకారమునకు ఒకడు ఘకారమును, ఒకడు కకారమును, ఒకడు జకారమును వ్రాయును. పట్టా పాసుపుస్తకములో గంగారామునకు, ముఖత్యారునామాలో కంకారామునకు సంబంధమేమని రిజిస్ట్రారు అడిగిన, అడిగినవాని తప్పు లేదు. పాస్‌పోర్టులోని ఇంగ్లీషు అక్షరములను పేరు ప్రక్కనే యథాతథముగ వ్రాయించి, పాస్‌పోర్టు నంబరును చేర్పించుటయే దీనికి మందు. ఇంటిపేరు ముందో వెనుకనో యన్నది కూడ పాస్‌పోర్టును బట్టియే ఉండవలెను.

కచ్చేరీల నియమములను వేగముగ చెప్పివేసెదను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములోని 33వ ప్రకరణము ప్రకారము, విదేశమున నివసించువాడు ముఖత్యారునామాను అచ్చటి నోటరీ యెదుటగాని, న్యాయస్థానము యెదుటగాని, భారత కాన్సలు యెదుటగాని వ్రాసి ధ్రువపఱచుకొనవలెను. మన రాయబార కార్యాలయమున చేయించిన ఇంగ్లీషు పత్రమునకు అనువాదపు బాధ తక్కువ. వీలైనవారికి అదియే రాజమార్గము. 19వ ప్రకరణమున మఱియొక సంగతి గలదు: దస్తావేజు అధికారికి తెలియని భాషలో, జిల్లాలో వాడుకలేని భాషలో నుండినచో, జిల్లాలో వాడుక గల భాషలోనికి సరియైన అనువాదమును, నకలును జతపఱచనిదే రిజిస్టరు చేయరాదు. అనగా అరబ్బీ పత్రమునకు తెలుగు అనువాదమడుగు హక్కు చట్టములోనే యున్నది. 1899 నాటి స్టాంపు చట్టములోని 18వ ప్రకరణము ప్రకారము, విదేశమున వ్రాసిన పత్రము ఈ దేశమునకు చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయించుకొనవలెను. దానికై జిల్లా రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవలెను. పత్రము వచ్చిన కవరును పారవేయక దాచుకొనుడు. తేదీకి అదియే సాక్ష్యము. దేశముల నడుమ ముద్రలను పరస్పరము అంగీకరించుటకు 1961లో హేగు నగరమున ఒక ఒడంబడిక జరిగినది. భారతదేశము అందు 2005లోను, సౌదీ అరేబియా 2022లోను చేరినవి. గల్ఫు రాజ్యములన్నియు నందు చేరియుండలేదు గనుక, ఏ దేశమునకు ఏ ముద్ర కావలెనో ముందు విచారించుకొనవలెను.

ముఖత్యారునామాపై భూమి కొన్నామని చెప్పుకొనువారు మన పట్టణముల చుట్టును పెక్కుమంది యున్నారు. 2011 అక్టోబరు 11వ తేదీని సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసులో, ఇట్టి పత్రముచే భూమిపై యాజమాన్యము రాదని, రిజిస్టరైన విక్రయ దస్తావేజు కావలసినదేనని తీర్పు చెప్పెను. ముఖత్యారునామా పని చేయుటకు అధికారమిచ్చునుగాని ఆస్తినియ్యదు. తిరుగులేనిది యని పెద్ద యక్షరములతో వ్రాసినంతమాత్రమున అది తిరుగులేనిది కాజాలదు. నియుక్తునకు ఆ ఆస్తిలో స్వంత ప్రయోజనమున్నపుడే, 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 202వ ప్రకరణము దానికి బలమిచ్చును. ఆదిలాబాదు అడవిప్రాంతపు షెడ్యూల్డు గ్రామములలోనైతే, గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదని 1959 నాటి మొదటి రెగ్యులేషను అడ్డు నిలుచుచున్నది. అది 1963లో తెలంగాణమునకు వర్తించినది, 1970లో మఱింత బిగింపబడినది. ఎంత చక్కని ముఖత్యారునామా చేతనున్నను ఆ గట్టు దాటరాదు.

చివరి మాట ఇంతకాల్. ఉర్దూలో ఇంతకాలనగా మార్పిడి; ఇంతకాలనగా మరణము కూడను. ముఖత్యారునామా విషయమున ఈ రెండర్థములను వేఱుగ నుంచుకొనవలెను. నియోగమిచ్చినవాడు మరణించిన క్షణమున, 201వ ప్రకరణము ప్రకారము, సాధారణముగ నియోగము కూడ మరణించును. కువైటులో అన్న పోయిన తరువాత, ఇంకను ముఖత్యారునామా చేతిలో నున్నది గదా యని, తమ్ముడు ఆ కాగితముతో పొలము అమ్మబోవుట చెల్లదు. దానివలన కొన్నవాడును మునుగును. అచ్చట అన్న పేర బ్యాంకులోనున్న సొమ్మునకు కూడ ఆ పాత కాగితము పనికిరాదు. అపుడు తహసీల్దారు నొద్ద కుటుంబ సభ్యుల ధ్రువపత్రము పొందవలెను. అదియు, సివిలు కోర్టు 1925 నాటి వారసత్వ చట్టము క్రింద ఇచ్చు సక్సెషను సర్టిఫికెట్టును ఒకటి కావు. గల్ఫు కార్యాలయము వారసుల పత్రమడిగినపుడు, ఈ రెంటిలో ఏది యడిగినదో అరబ్బీ మాటను చూచి తేల్చుకొనవలెను. ఆ పిమ్మట భార్య, బిడ్డలు, తల్లిదండ్రులు, వారసులైన వారందఱును తమ పేరిట క్రొత్త వకాలా వ్రాసి పంపవలెను. మైనరు బిడ్డల పక్షమున తల్లి చేవ్రాలు చేయునపుడు ఆమె యే హోదాలో చేయుచున్నదో, స్వంతమునకా, బిడ్డల సంరక్షకురాలిగనా, రెంటికినా యన్నది, మూడు భాషలలోను ఒకే తీరున వ్రాయబడియుండవలెను.